కిటికీ అవతలి ప్రేక్షకుడు

నెయాఫూ, వవావు దీవి, టోంగా
1993 ఏప్రిల్

ప్రియమైన బిద్యా,

పార్సిల్ అందింది. క్యాసెట్ చుట్టూ నువ్వు చుట్టిన చీరముక్కలో మీ వంటింటి జీలకర్ర వాసన ఇంకా ఉంది. కాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

మీ ఫిజీలో, సువా హాస్టల్లో మనం ఒకే గదిలో ఉన్న రోజుల్లో ప్రతి శనివారం జడలో పువ్వు పెట్టుకుని మాట్నీకి బయల్దేరుతూ "రావే, ఒక్కసారి వచ్చి చూడు, నరకానికేం పోవులే" అని బతిమాలేదానివి. నేను మర్నాటి బైబిలు పాఠం చదువుకోవాలని మంచం దిగేదాన్ని కాదు. ఇప్పుడు నలభై దాటాక, బళ్ళో పిల్లలకి చరిత్ర చెప్పే టీచరమ్మ, నీ సినిమాల కోసం పోస్టాఫీసు మెట్లమీద ఎదురుచూస్తోంది. నవ్వుకో.

తప్పంతా ఫూసిది. మా తమ్ముడు సాయా కూతురు. తల్లి లేసీలి పోయినప్పుడు ఇంకా బడికి వెళ్ళే పిల్ల, ఇప్పుడు నాకంటే ఒక జానెడు పొడుగు. రేవు దగ్గర వీడియో దుకాణంలో అట్టమీద బొమ్మ బాగుందని హిందీ క్యాసెట్ ఒకటి తెచ్చి పెట్టింది. శనివారం మధ్యాహ్నాలు పేటలోని ఆడవాళ్ళం మా పెద్దింట్లో చేరి, సాగగొట్టిన చెట్టుబెరడును గుడ్డల్లా అతుకుతూ ఉంటాం కదా, ఆ పని చేస్తూ అందరం చూశాం. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరూ లేవలేదు. జిగురు గిన్నెలో ఎండిపోయింది. అందుకే నీకు రాశాను, కథ చెప్పి పుణ్యం కట్టుకోమని.

నువ్వు పంపిన సినిమాలో ఆ కొండలు, ఆ మంచు! లోసా ముసలమ్మ పని ఆపి "అంత కొబ్బరి తురిమి అలా పారబోశారేమిటే, మనుషులు కారూ?" అంది. మంచు అంటే ఏమిటో చెప్పాను. నమ్మలేదు. అందులోనే పల్చటి చీర కట్టుకుని ఆ పిల్ల పాడుతోందంటే ఇంకా నమ్మలేదు. నేను నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, తెరమీద వాళ్ళు పెదాలు కదిపినప్పుడల్లా మా భాషలో చెప్పాను. మొదట సిగ్గేసింది. తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బళ్ళో రాజుల పేర్లు చెప్పే గొంతు కాదది. సాయంత్రం రేవు నీళ్ళమీద వెలుగు వాలుతుంటే, నేను ఆ కొండల్లోనుంచి ఇంకా దిగి రానట్టే ఉంది.

సాయా మాత్రం లోపలికి రాడు. రాకూడదు. సువాలో నన్ను చూడ్డానికి వచ్చి, గేటు దగ్గరే తల దించుకుని నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతే "మీకేమైనా పోట్లాటా?" అని అడిగావు, గుర్తుందా? అది మా అక్కాతమ్ముళ్ళ మర్యాద. పదేళ్ళొచ్చినప్పటినుంచి వాడు పెరట్లో చిన్నింట్లో పడుకుంటాడు, నేను పెద్దింట్లో. పెళ్ళయి భార్యతో పెద్దింట్లో కాపురం చేసినన్నాళ్ళూ నేను బడి క్వార్టర్సులో ఉన్నాను. ఆమె పోయి నేను ఫూసి కోసం వచ్చేసరికి, వాడు మళ్ళీ చిన్నింటికి మారాడు. ప్రేమపాట వచ్చే గదిలో అక్కాతమ్ముళ్ళు కలిసి కూర్చోవడమంటే మాకు గుడ్డలు లేకుండా కూర్చున్నట్టే.

ఇంకొకటి పంపు. ప్రేమదే పంపు.

నీ
మెలియానే


లంబాసా, ఫిజీ
మే

ఒసే మెలే,

ఇన్నాళ్ళకి దారికొచ్చావు. నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. దీప్ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. కొబ్బరి తురుము మాట మా సినిమా హాలు గోడమీద రాయించాలన్నాడు.

ఇదిగో, కొత్తగా చేరినదానివి కనక కొన్ని సూత్రాలు రాసుకో. మొదటి సీన్లో కొట్టుకున్న ఆడా మగా ఆఖరి సీన్లో దండలు మార్చుకుంటారు. తల్లి దగ్గిందంటే ఇక ఎంతో సేపు ఉండదు. తలుపు దానంతటదే తెరుచుకుంటే వర్షం వస్తుంది, వర్షం వస్తే పాట వస్తుంది. మగాడు ఉన్నట్టుండి అద్దం ముందు నిలబడ్డాడంటే, ఇక వాడి సంగతి వాడికి తప్ప ఊరందరికీ తెలిసినట్టే.

ఇప్పుడు చెరుకు కోత మొదలవుతోంది. కూలీలు లారీల మీద వచ్చి దిగుతారు, ముందు వరస కుర్చీలన్నీ బెల్లం వాసన కొడతాయి. పాట మొదలైతే ఈలలకి నాకు టిక్కెట్ల గదిలో చెవులు చిల్లులు పడతాయి. నువ్వు వస్తే ప్రొజెక్టర్ పక్కన స్టూలు వేసి కూర్చోబెడతాను. అక్కణ్ణుంచి చూస్తే వెలుగులో దుమ్ము కూడా నటిస్తుంది.

సాయా ఎలా ఉన్నాడు? గేటు దగ్గర నేను పలకరిస్తే చెవులదాకా ఎర్రబడ్డ పిల్లాడే కదా. భార్య పోయాక మనిషి ఎలా ఉన్నాడో ఎప్పుడూ రాయవు.

ఈసారి పంపింది రెండుసార్లు ఏడిపిస్తుంది. కథ వేరే కాగితం మీద రాశాను. గుడ్డలు తడపకుండా అతుక్కోండి.

నీ బిద్య


నెయాఫూ
జూన్

ప్రియమైన బిద్యా,

ఎంత పని జరిగిందో చెబితే నవ్వుతావు. నాకు మాత్రం మూడు రాత్రులు నిద్ర లేదు.

రెండోసారి ఏడిపించే చోటు అది. హీరో రైలెక్కుతున్నాడు, ఆ అమ్మాయి ప్లాట్‌ఫారం మీద స్తంభం వెనక నిలబడింది. నేను పూర్తిగా అందులోకి వెళ్ళిపోయి, నీ కాగితంలో లేనివి కూడా చెబుతున్నాను. "నీ చొక్కా వాసన నా తలగడలో ఉంటుంది. అది పోయేలోగా తిరిగి రా." ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. ఇంతలో కిటికీ కింద నుంచి ఇంకో ముక్కు చీదిన చప్పుడు.

ఫూసి లేచి చూసింది. "అత్తా, నాన్న!"

గోడకి వీపు ఆనించి కూర్చున్నాడట. పడవ ఇంజను విప్పి ముందు పెట్టుకుని. లోసా పగలబడి నవ్వింది. "ఆ ఇంజను ఈస్టరు నాటినుంచి శనివారం శనివారం చెడిపోతూనే ఉందే, నీకు తెలీదూ? మొదటి సినిమానుంచీ అక్కడే ఉంటున్నాడు వాడు."

మొదటి సినిమానుంచీ! నేను చెప్పిన ప్రతి మాటా, ఆ ముద్దు మాటలన్నీ నా తమ్ముడు విన్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది. వాడు అప్పటికే ఇంజను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కానీ ఒక సంగతి. మర్నాడు చర్చికి వెళుతూ చూశాను, ముందు నడుస్తున్నాడు, మా మర్యాద ప్రకారం నాకు చాలా దూరంలో. ఆ రైలు పాట కూనిరాగం తీస్తున్నాడు. లేసీలి పోయాక వాడి నోట కీర్తన తప్ప ఇంకో రాగం నేను వినలేదు. నన్ను చూడగానే ఆపేశాడు. నాకేమో ఆపొద్దని అరవాలనిపించింది. అరవలేను కదా.

మనిషి ఎలా ఉన్నాడని అడిగావు. ఏం రాయను? చేపలు పడతాడు, తెస్తాడు, ఫూసి చేతికిస్తాడు. ఈమధ్య చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు, నడుముకు కట్టే చాపకి అంచులు కొత్తగా అల్లించుకున్నాడు. పెద్ద చేప పడితే ఆసుపత్రి వాళ్ళకని పక్కన పెడుతున్నాడు, రోగులున్నారని. అంతే, కొత్త సంగతులేం లేవు.

తిమింగలాలు వచ్చాయి. మధ్యాహ్నాలు పడవ ఆపి చెవి కొయ్యకి ఆనిస్తే వాటి పాట వినిపిస్తుంది. వాటి కథ కాగితం మీద రాసిచ్చేవాళ్ళు లేరు.

నీ
మెలియానే


లంబాసా
జూలై

మెలే,

నువ్వు చరిత్ర ఎలా చెబుతావే పిల్లలకి? ఉత్తరంలో నువ్వే రాశావు, మళ్ళీ నువ్వే "కొత్త సంగతులేం లేవు" అన్నావు.

ఇస్త్రీ చొక్కా. కొత్త అంచు. కూనిరాగం. ఆసుపత్రికి చేపలు. ఒసేయ్, ఇది మా హాల్లో ముందు వరసలో కూర్చున్న చెరుకు కూలీకి కూడా ఇంటర్వెల్ లోపే తెలుస్తుంది. ఆసుపత్రిలో రోగులకి చేప ఎవరు వండిపెడతారు? నర్సమ్మ పేరేమిటి?

నీ తమ్ముడు ప్రేమలో ఉన్నాడు మెలే. నీకు చెప్పలేడు, నీ ఎదుట ఆ మాటే ఎత్తకూడదు. నువ్వు అడగలేవు. మీ మర్యాద మీద నాకు గౌరవమే కానీ, ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని ముసలివాళ్ళయిపోతారా?

నాకొక ఆలోచన వచ్చింది. ప్రేమ సినిమా కలిసి చూడకూడదు, సరే. గూఢచారి సినిమా చూడొచ్చుగా? తుపాకులు, సరిహద్దు, దొంగ పాస్‌పోర్టులు. ఒకటి పంపుతున్నాను, దీప్‌కి ప్రాణం అది. ప్రేమన్న మాటే లేదు, దేశం తప్ప ఆ హీరోకి ఇంకేం పట్టదని దీప్ ప్రమాణం చేశాడు. సాయాని లోపల కూర్చోబెట్టు. పది మంది మధ్య, అటు చివరా ఇటు చివరా అయినా సరే, ఒక్క గదిలో కూర్చోండి. ఒకేచోట నవ్వితే, ఒకేచోట భయపడితే, మిగతా మాటలకి ఎక్కడో దారి దొరుకుతుంది.

నర్సమ్మ పేరు రాయి.

బిద్య


నెయాఫూ
ఆగస్టు

బిద్యా,

మీ ఆయన ప్రమాణాలు ఇకమీదట నాకు పంపకు.

మొదట్నుంచి చెబుతాను. ఫూసి ద్వారా సాయాకి కబురు పంపాను, ఇది యుద్ధం సినిమా, మగవాళ్ళు కూడా రావచ్చని. వచ్చాడు బిద్యా! తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చి తలుపు దగ్గర చాప చివర కూర్చున్నాడు. నేను తెర పక్కన. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర కథలు విన్న తర్వాత మేమిద్దరం ఒక గదిలో ఒకే వైపు చూస్తూ కూర్చోవడం అదే. కథ చెప్పడం మొదలుపెట్టాను. దొంగ మీసం, రేడియోలో రహస్య సంకేతాలు, ఇద్దరు శత్రువులు, వాళ్ళకి తెలియకుండా మూడోవాడు. గూఢచారి ఓడ మీదనుంచి దూకినప్పుడు సాయా "అయ్యో, అక్కడ లోతు లేదు!" అని గట్టిగా అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నా వైపు చూడలేదు కానీ వాడి చెవి నవ్వుతోందని తెలిసింది. అంతగా ఎప్పుడు సంతోషపడ్డానో గుర్తులేదు.

ఆ తర్వాత శత్రుదేశపు హోటల్లో కిటికీ తలుపు దానంతటదే తెరుచుకుంది.

నీ సూత్రం నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. వర్షం వచ్చింది. వర్షంలో ఎక్కడినుంచో ఒక అమ్మాయి వచ్చింది. ఎర్రచీర. తడిసింది. దేశం తప్ప ఇంకేం పట్టని నీ గూఢచారి కోటు విప్పాడు.

నేను నోరు మూసేశాను. పాట మాత్రం అయిపోదే! ఫూసి రిమోట్ కోసం చాపలన్నీ తిరగేస్తోంది, అది లోసా కింద ఉంది. సాయా లేచాడు. తల వంచుకుని, చేత్తో కళ్ళకి అడ్డం పెట్టుకుని, వెనకెనక్కే నడుస్తూ గుమ్మం తట్టుకుని మెట్లమీద పడ్డాడు. స్నేహితులు వాణ్ణి లేవదీసుకుని పోయారు. సినిమా అక్కడితో ఆపేశాం.

ఆ రోజునుంచి చిన్నింట్లో కూడా ఉండటం లేదు. రేవు దగ్గర పడవల షెడ్డులో పడుకుంటున్నాడు. చేపలు ఎవరెవరి చేతో పంపుతున్నాడు. వాడికి అవమానం జరిగింది నా గదిలో, నేను పిలిస్తే వచ్చి. పేటలో ఎవరూ ఏమీ అనరు, అదే ఎక్కువ నొప్పి.

గోడకి అటూ ఇటూ కూర్చోవడమే నయం. కనీసం గోడ ఉండేది.

మెలియానే


లంబాసా
సెప్టెంబరు

మెలే,

దీప్‌ని రెండు రోజులు తిట్టాను. "పాటని ప్రేమ అనుకుంటారని నాకేం తెలుసు, పాట వచ్చినప్పుడు నేను బయటికెళ్ళి సిగరెట్ కాల్చుకుంటాగా" అంటాడు. నిజమే, మాకది పాట, అంతే. మా గూఢచారి కూడా పాట లేకుండా సరిహద్దు దాటడు. పుట్టినప్పటినుంచి చూస్తున్నాం కనక అది అక్కడుందని కూడా గుర్తుండదు. నీ కళ్ళతో ఒక్కసారి చూసి పంపాల్సింది. క్షమించు.

ఇంకొకటి. దీన్ని నీకు రాయకుండా నెట్టుకొస్తున్నాను. మా హాలు మూసేశాం. క్రిందటి ఏడాదే. క్యాసెట్లు వచ్చాక ఎవరొస్తారు? ముందు వరస, ఈలలు, బెల్లం వాసన, నీకు రాసినవన్నీ పాతవి. ఇప్పుడు అక్కడ బియ్యం బస్తాలున్నాయి. నేనూ నీలాగే ఇంట్లో చిన్న డబ్బాలోనే చూస్తున్నాను, నీకు పంపే ముందు. నీకు రాస్తున్నంతసేపూ హాలు తెరిచి ఉన్నట్టే అనిపించేది. అందుకే రాస్తూ పోయాను.

ఎందుకు చెబుతున్నానంటే, చివరి ఆట రోజు మా మామగారు కుర్చీలన్నీ తుడిపించి, టిక్కెట్లు లేకుండా తలుపులు తెరిచిపెట్టారు. ఎవరికీ ముందుగా చెప్పలేదు, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నారు. ఆరుగురు వచ్చారు. ఆ తర్వాత ఊరంతా వచ్చి "ఒక్క మాట చెబితే రాకపోదుమా" అని ఏడ్చింది.

నర్సమ్మ పేరు ఇంకా రాయలేదు నువ్వు.

బిద్య


నెయాఫూ
అక్టోబరు

బిద్యా,

నీ హాలు సంగతి చదివాను. ప్రొజెక్టర్ పక్కన ఆ స్టూలు మీద నేను ఎన్నోసార్లు కూర్చున్నాను, ఊహలో. ఇప్పుడూ లేవాలని లేదు.

పేరు ఎలిసివా. భర్త సముద్రంలో పోయాడు, చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. నెమ్మదైన మనిషి. లేసీలి ఆఖరి రోజుల్లో సూది నొప్పి తెలియకుండా వేసేది ఆమె ఒక్కతే.

నువ్వు రాయకముందే నాకు తెలుసు బిద్యా. ఫిబ్రవరిలోనే ఆమె గొడుగు సాయా పడవలో చూశాను. తుడిచి, మడిచి, తడవకుండా టార్పాలిన్ కింద పెట్టి ఉంది. మనిషి తన సామాను అంత జాగ్రత్తగా పెట్టుకోడు. నీకు ఇస్త్రీ చొక్కా గురించి రాసింది అందుకేనేమో. ఎవరైనా ఆ మాట నాకంటే ముందు అంటే బాగుండుననిపించింది. అన్నాక, విననట్టు ఊరుకున్నాను.

ఎందుకంటే, నేను అక్కని. మా దగ్గర అక్క ఊ అనకుండా తమ్ముడు ఇంత పెద్ద పని చేయడు. అడగనూ లేడు. నేను తెలియనట్టు ఉన్నన్నాళ్ళూ అది జరగదు. ఆ ఊరుకోవడంలో ఎంత బలం ఉందో చూడు. దాన్ని మర్యాద అనుకున్నాను. ఇప్పుడు అది మర్యాదో, భయమో తేల్చుకోలేకపోతున్నాను.

భయమే అనుకుంటా. ఆమె వస్తే పెద్దిల్లు వాళ్ళది. ఫూసి రేపో మాపో పెళ్ళి చేసుకుపోతుంది. బడి క్వార్టర్సు ఇంకొకరికి ఇచ్చేశారు. నేనెక్కడికి పోతాను? ఈ వయసులో, ఏ ఇంట్లో చాప పరుచుకుంటాను? శనివారాలు ఎవరికి కథ చెబుతాను? ఇది నాకు నేను కూడా గట్టిగా చెప్పుకోని మాట.

నిన్న ఫూసి చెప్పింది. ఎలిసివాని రాజధాని ఉన్న టోంగాటాపు దీవికి రమ్మంటున్నారట, పెద్దాసుపత్రికి. వచ్చే నెలాఖరు ఓడ బయల్దేరేలోగా ఆమె ఏదో ఒకటి చెప్పాలి. "నాన్న అడగడు, ఆవిడ ఆగదు. నువ్వు ఇలాగే కిటికీలోంచి చూస్తూ కూర్చో అత్తా" అని విసురుగా లేచిపోయింది.

నేనేం చేయను?

మెలియానే


లంబాసా
అక్టోబరు

మెలే,

ఏం చేయాలో నేను చెప్పను. చెప్పి ఒకసారి మీ తమ్ముణ్ణి మెట్లమీద పడేశాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నీ మొదటి ఉత్తరాల్లో, నా కాగితం మీద లేని మాటలు కూడా చెబుతున్నానని రాశావు. ఆ తలగడ మాట ఆ సినిమాలో ఎక్కడా లేదే. నేను వెనక్కి తిప్పి మరీ విన్నాను. ఆ అమ్మాయి అక్కడ అసలు నోరే విప్పదు. అది నీ మాట.

నీ దగ్గర ఇంకా ఎన్ని మాటలున్నాయి?

దీప్ దండం పెడుతున్నాడు, నువ్వు తిట్టడం మానేశావా అని.

బిద్య


నెయాఫూ
నవంబరు

ప్రియమైన బిద్యా,

ఇది నిన్నటి సంగతి. చేతులకి ఇంకా జిగురు వాసన పోలేదు.

నీళ్ళ ట్యాంకు కారుతోందని ఫూసితో సాయాకి కబురు పంపాను. నిజంగానే కారుతోంది. ట్యాంకు పెద్దింటి కిటికీ కింద ఉంది. లోసాని ఎలిసివా దగ్గరికి పంపాను. పెద్ద గుడ్డ అతకాలి, చేతులు చాలడం లేదు, సహాయానికి రమ్మని. "నేను ముసలిదాన్నే కానీ గుడ్డిదాన్ని కాదే" అని గొణుగుతూనే వెళ్ళింది.

ఆమె వచ్చి అందరికీ వెనగ్గా కూర్చుంది. బయట సుత్తి చప్పుడు మొదలైంది. ఆడవాళ్ళకి చెప్పాను, ఆ గూఢచారి సగంలో ఆగిపోయాడు, పాపం ఏమయ్యాడో చూద్దామని. వర్షం పాట దాటించి వేసింది ఫూసి.

మధ్యాహ్నపు ఎండ కిటికీ పలకల్లోంచి చారలు చారలుగా పడి, తెరమీద మంచుకొండల్లోకి పాకుతోంది. సరిహద్దు చివర ఒక చిన్న గది. గూఢచారి గోడకి ఆనుకుని కూర్చున్నాడు, చేతిలో రేడియో. అటువైపు ఎక్కడో మిలటరీ ఆఫీసులో తెల్లజుట్టు ఆవిడ ఒకతె, చెవులకి గొట్టాలు తగిలించుకుని అతనికేదో చెబుతోంది. ఏమంటోందో నీ కాగితంలో ఉంది. దారీ, కొండ పేరూ, టైమూ. నేను కాగితం మడిచి కింద పెట్టాను.

"ఈవిడ అతని అక్క" అన్నాను.

లోసా వెంటనే అందుకుంది. "ఇందాక రేడియో ఆఫీసరన్నావు!"

"రేడియో ఆఫీసరుకి తమ్ముడు ఉండకూడదా? వినవమ్మా."

గొంతు కొంచెం పెంచాను, కిటికీ దాకా వెళ్ళేంత.

"అక్క ఏమంటోందంటే, తమ్ముడూ, నువ్వు దేశాలన్నీ తిరిగి దాచుకుంటున్న రహస్యం ఇంట్లో అందరికీ తెలుసు. నాకు అందరికంటే ముందు తెలుసు. తెలిసీ అడగలేదు. నువ్వు చెప్పలేవని నాకు తెలుసు, అయినా చెబుతావేమోనని చూశాను. ఇంక చూడను. పోయినావిడ నీకు చేసిందంతా నాకు గుర్తుంది. ఆవిడ ఆఖరి రోజుల్లో ఎవరి చెయ్యి పట్టుకుని నిద్రపోయిందో కూడా గుర్తుంది. ఆ చెయ్యి ఈ ఇంటికి కొత్తది కాదు. ఓడ వెళ్ళేలోగా అడుగు. అడిగి, పెద్దింటికి తీసుకురా. అక్క ఊ అంది."

తెరమీద తెల్లజుట్టు ఆవిడ ఎప్పుడో గొట్టాలు తీసి పక్కన పెట్టింది. గూఢచారి కొండెక్కి పోతున్నాడు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. ఏ సినిమాలోనూ లేని అక్క అది. ఆడవాళ్ళెవరూ తెర చూడటం లేదు. బయట సుత్తి ఆగిపోయింది.

ఫూసి లేచి బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది, కళ్ళు తుడుచుకున్న ముఖంతో. "అత్తా, నాన్న అడగమన్నాడు. ఆ అక్క నిజంగా అలా అందా అని."

"అందని చెప్పు. కావాలంటే వెనక్కి తిప్పి మళ్ళీ వినిపిస్తానని చెప్పు."

లోసా నవ్వబోయి ఆపుకుంది. ఫూసి వెళ్ళింది. ఈసారి ఇంకా ఆలస్యంగా వచ్చింది.

"నాన్న ఇంకోటి అడగమన్నాడు." గుమ్మం పట్టుకుని నా వైపు చూసింది. "మరి ఆ అక్క ఎక్కడ ఉంటుంది, అని."

బిద్యా, అన్ని మాటలు కల్పించినదాన్ని, దానికి నా దగ్గర మాట లేదు. తెరవైపు చూశాను. మంచు తప్ప ఏమీ లేదక్కడ.

వెనకనుంచి ఎలిసివా గొంతు వినిపించింది. తల ఎత్తలేదు. వేళ్ళతో గుడ్డ అంచు సాపు చేస్తూనే ఉంది.

"పెద్దింట్లోనే ఉంటుంది, వాళ్ళిద్దరికీ చిన్నిల్లు చాలని చెప్పు, ఫూసీ. నేను ఈ సినిమా ఇదివరకే చూశాను."

నీ
మెలియానే